టీ కప్పు కింద కాగితం

పోయిన మంగళవారం పారమట్టాలోని మా ఆఫీసులో ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి ఇంకా కుర్చీలో కూర్చోనే లేదు, ఆమె కోటు నుంచి ఇంగువ పోపు వాసన గదంతా పరుచుకుంది. నా పక్కనున్న మేనేజరు కిటికీ కొంచెం తెరిచాడు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఆ అమ్మాయి నోరు విప్పకముందే ఉద్యోగం ఇచ్చేయాలనిపించింది. వెంటనే నా మీద నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం గ్రేస్ ఆంటీ నేర్పినది.

ఆవిడది భీమవరం. వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రి రికార్డుల విభాగానికి పెద్ద. ఆఫీసులో నాకు మేడమ్, ఆదివారం పెండిల్ హిల్ కూరగాయల కొట్లో ఆంటీ. అప్పటికి ఈ దేశం వచ్చి చేసిన నా చదువు అయిపోయింది, వీసా గడువు దగ్గరపడింది, పద్నాలుగు చోట్ల లేదనిపించుకున్నాను. ఐదుగురం ఉండే అద్దె ఫ్లాట్‌లో కోట్లు తగిలించే కొక్కెం వంటింటి తలుపుకే ఉండేది. ఆవిడ ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి నేను గదిలో అడుగుపెట్టగానే ఆవిడ ముక్కు కదిలింది. చిన్న కాగితం మీద ఏదో రాసి, మడిచి, టీ కప్పు కింద పెట్టారు. ఇక్కడా నా పని అయిపోయిందనుకున్నాను. అన్నీ అడిగాక, ఆవిడతో పాటు ఇంటర్వ్యూ చేస్తున్న మిగతావాళ్ళు లేవబోతుంటే ఆవిడ మొహం గంటు పెట్టుకుని, "ఇంకొక్కటి," అన్నారు. "పేషెంటు ఫైలు అరలో లేదు. డాక్టరు వెయిట్ చేస్తున్నాడు. ఏం చేస్తావు?"

"నంబరులో అంకెలు తారుమారై ఉంటాయేమో, అలా మారితే వచ్చే నంబర్ల అరల్లో చూస్తాను. అక్కడా లేకపోతే లేదని డాక్టరుకి వెంటనే చెప్పేస్తాను," అన్నాను. ఆవిడ తలైనా ఊపలేదు. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

అయినా నాలుగేళ్ళు ఆవిడను అనుమానిస్తూనే పనిచేశాను. నా కోటు వాసనకే మార్కులు కోశారని నా నమ్మకం. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో పెట్టే మనిషని లోపల తిట్టుకునేదాన్ని. కోటును ప్లాస్టిక్ సంచిలో చుట్టి మంచం కింద దాచుకునేదాన్ని. ఆవిడ రిటైరయ్యే రోజు క్యాంటీన్‌లో ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, ఆ రోజు కాగితం మీద నాకెంత వేశారు? పదికి రెండా?"

"తొమ్మిదమ్మా."

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాను.

"నీ కోటు వాసనకి మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చేసింది. నీ పేరైనా సరిగ్గా వినకుండానే నైస్ గర్ల్ అనేసుకున్నాను. ఎండ్‌లో కూడా తొమ్మిదే వెయ్యబుద్ధేసింది. నువ్వు రాగానే వేసిందీ, అన్నీ అడిగాక వేసేదీ ఒకటే అయ్యాయంటే నేను నిన్ను విన్లేదన్నమాటేగా? అందుకే ఇంకోటి అడిగాను. డౌటు నీ మీద కాదే, నా మీద."

"మరి చివరికి?"

"ఏడు. ఆ తొమ్మిది పోపుదిలే. ఈ ఏడే నీది."

సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పద్నాలుగు చోట్ల నన్ను చూడగానే తీసేసిన మార్కుల గురించి ఏడ్చినదాన్ని, చూడగానే కలిపిన మార్కులు కూడా నావి కావని ఆ రోజే తెలుసుకున్నాను. ఆ ఏడు మాత్రం ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు.

మంగళవారం నేనూ కాగితం మీద తొమ్మిది రాసి కప్పు కింద పెట్టాను. అరగంట తర్వాత కూడా నా చెయ్యి తొమ్మిదే వెయ్యబోయింది. మేనేజరు అప్పటికే ఫైలు మూసేశాడు. అతని లెక్క కిటికీ తెరిచినప్పుడే తేలిపోయినట్టుంది.

"ఇంకొక్కటి," అన్నాను. అతను మళ్ళీ ఫైలు తెరవక తప్పలేదు. ఆ అమ్మాయి బెదురుగా నా మొహంలోకి చూసింది. ఈవిడకి నేను నచ్చలేదు అనుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క నవ్వు నవ్వితే ఆమె భయం తీరిపోతుంది. నవ్వకుండానే ప్రశ్న అడిగాను.