కర్ర వద్దన్న రోజులు

ఒకరోజు పొద్దున్న డ్యూటీకి బయల్దేరి, కుడికాలు ఈడుస్తూ, కాస్త తూలుతూ మా కంచరపాలెం వీధిలో నడుస్తున్నాను. టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు: "పొద్దున్నే ఏసీసినట్టున్నాడ్రా." నేను మందు ముట్టిన మనిషిని కాదు. వెనక్కి తిరిగి చెప్పాలనుకున్నాను గానీ, తిరిగితే పడిపోతానని భయమేసింది.

అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తర్వాత డాక్టరు చెప్పారు. మెదడు నుంచి కాళ్లకు కబురు మోసే నరాల పైపొర దెబ్బతింటుందట. మందులు మొదలుపెట్టారు, వ్యాయామమూ చెయ్యమన్నారు. మా ఆవిడ మాత్రం నన్ను మంచం దిగనిచ్చేది కాదు. నాకూ అదే నయమనిపించింది. గుమ్మం దాటితే కదా ఎవరైనా ఏమైనా అనేది! కూర్చున్నకొద్దీ కాళ్లు ఇంకా బరువెక్కాయి.

చివరికి మా బామ్మర్దే కదిలించాడు. సముద్రంలో చేపల వేట నుంచి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటి బావా, డాక్టరు నడమంతే నువ్వు కూకుంటావేటి? లెగు!"

అతను తీసుకెళ్లిన ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ముందే చెప్పింది. "జబ్బును తీసెయ్యడం నా చేతిలో లేదండీ. నడక మెరుగయ్యేలా చూద్దాం." కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కమ్మీల మధ్య నడవడం, మెట్టెక్కి దిగడం. ఎంత ఎక్కువ చేస్తే అంత త్వరగా బాగవుతానని ఒకరోజు ఒళ్లు మరిచి చేశాను. కాళ్లు దుంగల్లా బిగుసుకుపోయాయి. ఇక ఇంతేనని ఏడ్చేశాను. ఆమె నా మెడ మీద తడి తువ్వాలు వేసి, "ఒళ్లు వేడెక్కింది, అంతే. చల్లబడితే సర్దుకుంటాయి" అంది. కాసేపటికి నిజంగానే కదిలాయి.

తర్వాత చేతికర్ర ఇచ్చింది. "నేనేం ముసలాణ్ణా?" అని తోసేశాను. మా బామ్మర్ది ఆ కర్ర అందుకుని హాలంతా టకటకా తిరిగాడు. "సూడు బావా, నాను ముసలోణ్ణయిపోనానా?" చక్రాల కుర్చీలో ఉన్న పెద్దావిడ కూడా నవ్వేసింది. నేనూ నవ్వుతూనే కర్ర తీసుకున్నాను.

కొన్ని నెలలకు, ఎండ ఎక్కకముందే అతనితో ఆటోలో పూర్ణా మార్కెట్‌కి వెళ్లడం మొదలైంది. మొన్నొకసారి తెలిసినవాళ్లెవరితోనో కబుర్లలో పడి అతను ముందుకెళ్లిపోయాడు. తోపుడుబళ్లు, బస్తాలు మోసేవాళ్లు, మధ్యలో నేనొక్కణ్ణే. కర్ర ఆనించి, నేల చూసుకుంటూ, ఒక్కో అడుగూ వేశాను.

అతను కంగారుగా వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి పచ్చిమిరపకాయలు బేరమాడుతున్నాను.

"ఎక్కడికెళ్లిపోనావు బావా! సచ్చిపోనాను భయంతో!"

జబ్బు ఎక్కడికీ పోలేదు. ఎండాకాలం ఇప్పటికీ కాళ్లు మాట వినవు. ఆ పొద్దున్న మాత్రం కూరల సంచీ నేనే మోస్తానని పట్టుబట్టాను.