వేడుకల వంటింటి పెద్దావిడ

బుధవారం. పొద్దున రెండు విడతల బట్టలు ఉతికాను. ఖాళీ ప్ఫాండ్ సీసాలు షాపులో తిరిగిచ్చి, డిపాజిట్ డబ్బులు తెచ్చుకున్నాను. ఈ వారం మెట్లు తుడిచే వంతు మాది కాబట్టి పై అంతస్తు నుంచి మొదలుపెట్టాను. సగం మెట్లు తుడిచేసరికి కింది ఇంటి పెద్దావిడ కూతురు ఆస్పత్రి నుంచి వచ్చింది. కోటైనా విప్పకుండా మెట్టు మీద కూలబడి, "అమ్మ పోయింది" అంది. బకెట్ పక్కన పెట్టి నేనూ కూర్చున్నాను. తడి మెట్లు ఆరేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఆ పెద్దావిడ గురించి మీకు చెప్పాలి. ఒడెస్సా నుంచి ఈ కూతుర్ని చంకనేసుకుని హానోవర్ వచ్చిన మనిషి. ఇక్కడి యూదుల సమాజానికి ఒక హాలుంది. పేరు పెట్టే వేడుకైనా, పెళ్ళైనా, ఎవరిదైనా ఎనభయ్యో పుట్టినరోజైనా ఆ హాలు వంటిల్లు ఆవిడదే. మా పిల్లలు ఆవిడని ఓమా అనేవాళ్ళు, జర్మన్‌లో అమ్మమ్మ అని; వాళ్ళతోపాటు నేనూ.

ఒకసారి సాయానికి మనుషులు చాలక మా తలుపు తట్టింది. "ఏడవకుండా ఉల్లిపాయలు తరుగుతావా?"

"ఏడుస్తానుగానీ, సన్నగా తరుగుతాను."

"అయితే రా."

వాళ్ళ ఆచారంలో మాంసం, పాలు కలవకూడదు; అందుకని అక్కడ మాంసం గిన్నెలకి ఎర్ర టేపు, పాల గిన్నెలకి నీలం టేపు. పొయ్యి యూదులే వెలిగించాలట కాబట్టి ఆవిడే వెలిగించాలి, ఆ తర్వాత నేను కలపొచ్చు. నాకేమీ వింతగా అనిపించలేదు. మా నాయనమ్మ మడి కట్టుకుంటే ఆ వంటింటి ఛాయలకి కూడా మమ్మల్ని రానిచ్చేది కాదు. ఆ మాట చెబితే ఓమా పడీపడీ నవ్వింది. "మీ నాయనమ్మా నేనూ ఎదురెదురు ఇళ్ళలో ఉంటే ఎంత స్నేహంగా ఉండేవాళ్ళమో! ఒకరింట్లో ఒకరం తినేవాళ్ళం కాదు, అంతే."

అతిథులు రాకముందు హాలంతా ఒక చుట్టు తిరిగి, తలుపు దగ్గర రెండు కంచాలు ఎక్కువ పెట్టేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు సిగ్గుపడకూడదట. "ఏడుపుకి ఎవరూ కుర్చీ వెయ్యక్కర్లేదు, అదే వచ్చి కూర్చుంటుంది. సంతోషానికి మనమే వెయ్యాలి" అనేది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ముత్యాల దండ వేసుకుని వచ్చి, అక్షింతలు ఎంత గట్టిగా విసిరిందంటే సోఫా కింద ఇప్పటికీ దొరుకుతున్నాయి. "మీరంతా మరీ మెల్లగా వేస్తున్నారు, పిల్లకి తెలియొద్దూ!" అని మా వాళ్ళనే కోప్పడింది.

ఆవిడ మనవరాలికి పన్నెండేళ్ళు నిండాయి. ఆ వయసు ఆడపిల్లకి బాత్ మిత్స్వా చేస్తారు. మన ఓణీల ఫంక్షన్ లాంటిదే అనుకునేదాన్ని. కానీ ఇక్కడ పిల్లని కూర్చోబెట్టరు. పిల్లే అందరి ముందూ నిలబడి, తను చదువుకున్నదాని గురించి మాట్లాడాలి. ఓమా ఆ ప్రసంగాన్ని వంటింట్లో చిమ్నీ ఫ్యాన్ వేసి మరీ చెప్పించేది. "దీన్ని దాటి వినిపిస్తే హాలంతా వినిపిస్తుంది." మరో రెండు వారాల్లో వేడుక అనగా ఆవిడ పోయింది.

ఖననం అయ్యాక పళ్ళు తీసుకుని పరామర్శకి వెళ్ళాను. వాళ్ళ మైల ఆచారం ప్రకారం అద్దానికి గుడ్డ కప్పారు. కూతురు పొట్టి పీట మీద కూర్చునుంది. మనకైతే ఏడాదిపాటు శుభకార్యం ఉండదు కదా, అందుకని, "ఫంక్షన్ ఎప్పటికి మార్చారు?" అన్నాను.

"మార్చలేదు. మార్చొద్దని అమ్మే చెప్పి పోయింది. నేను మాత్రం వెళ్ళను. ముప్పై రోజులైనా కాకుండా, పాటలున్న విందులో నేను అతిథిగా కూర్చోకూడదు."

గది మూల నుంచి పిల్ల తలెత్తింది. "నువ్వు రాకపోతే నేనెవరికి చెప్పాలి? ఫ్యాన్‌కా?"

పిల్ల తన కాగితాలు మడిచేసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆమధ్య ఒక పెళ్ళిలో, తల్లి పోయి నెల కూడా కాని ఒకతను, పెళ్ళికొడుకు ప్రాణస్నేహితుడు, హాలు బయటే చలిలో నిలబడ్డాడు. ఓమా వెళ్ళి చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది. నడుముకి ఏప్రన్ కట్టి, "అతిథివి కాకూడదు, అంతేగా? పనివాడివి అవ్వు" అంది. అతను ఆ రోజంతా వడ్డిస్తూ స్నేహితుడి పెళ్ళి చూశాడు.

ఆ సంగతి చెప్పాను. కూతురు తల అడ్డంగా ఊపింది. "స్నేహితుడి పెళ్ళికి సరే. ఇది నా ఇంటి వేడుక."

"నాకు తెలిసింది చెప్పాను. మీ గురువు రబ్బీగారిని అడుగు. నేను ఇక్కడే కూర్చుంటాను."

నేను కదిలేలా లేనని ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. "ఈ హాల్లో మీ అమ్మ ఎంతమందికి ఏప్రన్ కట్టిందో నాకు తెలుసు. మీరూ కట్టుకోండి" అన్నాడు.

ఇక నేను ఆగలేదు. పొయ్యి వెలిగించడానికి వాళ్ళ సమాజంలోనే ఒకావిడని మాట్లాడాను. మాంసం గిన్నెలు ఒక పక్కకి, పాల గిన్నెలు ఒక పక్కకి తీయించాను. ఓమా లేదు కదా అని ఏ బల్ల మీదా ఏదీ తక్కువ కానివ్వకూడదనుకున్నాను.

"మన పిల్ల ఫంక్షన్‌కి కూడా నువ్వింత హడావుడి చెయ్యలేదు" అన్నారు మావారు.

"చేశాను. మీరప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీటింగులో ఉన్నారు."

అనుకున్న ఆదివారమే హాలు నిండింది. పిల్ల నిలబడింది, మొదటి మాటలు ముందు వరసకే వినిపించలేదు. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. తల్లి ఏప్రన్‌తో బయటికి వచ్చి, రొట్టెల బుట్ట మొదటి బల్ల మీద పెట్టి, అక్కడే ఆగిపోయింది. పిల్ల ఆమెనే చూస్తూ గొంతు పెంచింది. చివరి వరసలో ముసలాయన చెవి మిషన్ సర్దుకోవాల్సిన పని లేకపోయింది.

తర్వాత పాట మొదలైంది. అందరూ చేతులు పట్టుకుని పిల్ల చుట్టూ తిరుగుతున్నారు. తల్లి టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెనక్కి జరిగింది. నేను పళ్ళెం అందుకోబోయాను. ఇవ్వలేదు. నిటారుగా, కాలు కదపకుండా నిలబడి కూతుర్నే చూస్తోంది. ఆమె చేతుల్లో గ్లాసులు మాత్రం పాటతోపాటు గలగలమంటూనే ఉన్నాయి.