పాత కంప్యూటర్‌తో తెలుగు చదివించిన మా సుధాకర్ అన్న

నిన్న పొద్దున ఫోన్ చదివి వినిపించింది. "సుధాకర్ అన్న ఇక లేడు."

నాకు కళ్ళు కనబడవు. మెసేజ్‌లన్నీ ఫోనే చదివి పెడుతుంది. రీచార్జ్ మెసేజ్ చదివే గొంతుతోనే ఈ మాటా చదివేసింది. తప్పు విన్నానేమోనని మళ్ళీ చదివించాను.

గుండెపోటట.

మాది పెద్దవంగర. డిగ్రీలో నాకు పాఠాలు చదివిపెట్టింది హాస్టల్ ఫ్రెండ్సే. ఉద్యమం రోజులవి. బంద్‌లతో కాలేజీ మూతబడి వాళ్ళంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. పరీక్షలు మాత్రం ఎప్పుడైనా పెట్టొచ్చన్నారు.

తెలంగాణ రావాలి. నేను పాసవ్వాలి. నాకు రెండూ కావాలి.

ఇంట్లో తమ్ముడు చదివేవాడు. మహానుభావుడు, పేజీలకు పేజీలు ఎగరగొట్టేవాడు. నా మార్కులైనా, నాకొచ్చిన ఉత్తరమైనా ముందు ఇంకొకరు చదివాకే నాకు తెలిసేవి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే.

సుధాకర్ అన్నది జనగామలో కంప్యూటర్ సెంటర్. నాకు టైపింగ్ నేర్పింది ఆయనే. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ డబ్బా, దాన్ని నడిపేది విండోస్ లాంటి పాత లినక్స్. తెర మీది ఇంగ్లీష్ పైకి చదివేది. తెలుగు ఇస్తే గొణిగేది. తెలుగు బాగా చదివే సాఫ్ట్‌వేర్ వచ్చింది గానీ, అది కొత్త లినక్స్‌కే. కొత్త లినక్స్ వేస్తే మన డబ్బా లేవదు.

మొదటిసారి అన్న తొందరపడ్డాడు. ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాత లినక్స్ మీదే బలవంతంగా ఎక్కించాడు, దానికోసం లోపలి ఫైళ్ళు మార్చాడు. ఉన్న ఇంగ్లీష్ గొంతు కూడా పోయింది.

"మంచిగున్నదాన్ని మూగది చేస్తి గద చెల్లె" అంటూ పాతదాన్నే మళ్ళీ మొదటి నుంచి ఎక్కించి పోయాడు.

మళ్ళీ వచ్చిన రోజు బంద్. కొడకండ్ల దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బైక్ ఆపారు. సంగతి చెప్తే, "పోదువు గని, జర తిని పో అన్నా" అన్నారట. తిని, వాళ్ళతో నాలుగు నినాదాలిచ్చి వచ్చాడు.

ఈసారి ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్, అంటే దాన్ని రాసిన అసలు ప్రోగ్రామ్, తెచ్చుకున్నాడు. నా డబ్బా మీదే, దాని పాత లినక్స్‌కు సరిపడేలా దాన్ని బిల్డ్ చేయడం, అంటే మళ్ళీ తయారుచేయడం, మొదలుపెట్టాడు. ఒకటి చేయబోతే దానికి ఇంకోటి కావాలి, దానికి మరోటి.

"ఒక్కన్ని పిలిస్తే చుట్టాలందరు దిగినట్టున్నది చెల్లె" అని నవ్వాడు.

పాత ఫైళ్ళను ముట్టుకోకుండా అన్నీ పక్కన వేరుగా పెట్టాడు. కరెంటు పోతే సగంలో ఆగేది. వచ్చాక మళ్ళీ మొదలు. అట్లా ఎన్ని బంద్‌లలో తిరిగాడో.

ఒక సాయంత్రం ఆ డబ్బా తెలుగు వార్త చదివింది. మన దిక్కు ధర్నా వార్తే. చివరిదాకా నేనే విన్నాను.

తను తయారుచేసిన ఆ ప్యాకేజీకి వెర్షన్ నంబర్ మాత్రం అసలుదానికన్నా ఒక మెట్టు తక్కువ ఇచ్చాడు. ఎందుకన్నా అంటే, "మనది అప్పటి మందమే. అసలుది వచ్చిన్నాడు, పెద్ద నంబర్ సూసి మనది దానంతటదే పక్కకు జరగాలె" అన్నాడు. జరిగింది కూడా. అన్న చేసిన పని ఇప్పుడు ఎక్కడా లేదు. నేను పాసయ్యాను, టీచర్‌నయ్యాను.

డబ్బా తెలుగు చదివిన వారమే నా మొదటి మెయిల్ ఆయనకు రాశాను. అందులో పెద్ద సంగతులేం లేవు. అమ్మ మీద అలిగానని, ఒక పాఠం పూర్తయిందని. కానీ ఎవరితోనూ రాయించలేదు.

నిన్న భూపాలపల్లి వెళ్ళాను. కొన్నేళ్ళుగా అన్న వాళ్ళు అక్కడే ఉంటున్నారు. వదిన నా చేయి తీసుకుని ఆయన చేతి మీద పెట్టింది. చల్లగా ఉంది.

"నీ మెయిల్ నన్ను సుత సూడనియ్యలే పిల్లా" అంది వదిన. "ఎన్నిసార్లడిగినా, గది చెల్లె సొంతంగ రాసింది, నాకే రాసింది, ఇంకెవ్వరు సదవద్దు అనేటోడు."

ఇన్నేళ్ళూ నాకు తెలియదు. నా బాధ ఏందో అన్నకు అప్పుడే అర్థమైంది. నేనెప్పుడూ చెప్పలేదు.

పోయి రా అన్నా. నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.