కుండ గోడెక్కిన పురుగులు

మా జువాలజీ మాస్టారికి చూసి గీసిన బొమ్మలంటే ఒళ్ళుమంట. "పుస్తకంలోది రికార్డులోకి ఎవరైనా దింపుతారమ్మా. పెద్ద క్రోమోజోము నీ కళ్ళతో చూసి, నాకు చూపించు. వాల్తేరు ఎమ్మెస్సీ సీటుకి నేనే సిఫారసు చేస్తా" అన్నారు. వేసవి సెలవులిచ్చినా నా ఒక్కదాని కోసం లాబ్ తీసి ఉంచారు.

చిన్న పండు ఈగ పిల్లపురుగు లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు మామూలు వాటికంటే ఎన్నో రెట్లు లావుగా ఉంటాయి. పురుగులకేం కరువు? నూజివీడులో, అదీ రసాలు మాగేసే రోజుల్లో! గడ్డిలోంచి కుళ్ళినవి ఏరి, పెరట్లో అంచు విరిగిన కుండలో వేశాను. మా నాయనమ్మ మడిచీర ఎత్తిపట్టి దూరంగా నిలబడి, "అర్చకుల ఇంట్లో పురుగుల పెంపకమా! నా ఖర్మ" అంది. ఆవిడ మాట మా నాన్న దాటడు. "దాని చదువు ఇక చాల్లే" అని ఆవిడ అప్పటికే అనేసింది కూడా.

మామిడి పురుగంటే మా ఊళ్ళో అందరికీ తెలిసిందొకటే. పండు కోస్తే టెంక దగ్గర కనబడి, చెంగున ఎగిరే తెల్లపురుగు. దాన్నే తీసుకెళ్ళి కోశాను. రంగు వేసి, గాజుబిళ్ళ పెట్టి నొక్కి చూస్తే అంతా ముద్ద. మళ్ళీ కోశాను. మళ్ళీ ముద్దే. "తోటల ఊరిదానివి, పురుగును పోల్చుకోలేవా? అది వేరే ఈగదమ్మా" అని మాస్టారు నవ్వారు. అరికాలి మంట నెత్తికెక్కింది. చూడకుండా వదిలితే నా పేరు మార్చుకుంటా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ కేకలు. "ఒసేయ్, నీ సంతానం కుండ గోడెక్కి బయటికొస్తోందే!" పరుగెత్తాను. నూకగింజలంత పురుగులు, పండు వదిలేసి గూడు కట్టుకోవడానికి పైకి పాకుతున్నాయి. తొక్క చుట్టూ ముసిరే చిన్న ఈగల పిల్లలు! నా బుద్ధి తగలెయ్య, ఇన్నాళ్ళూ టెంక దగ్గర వెతికాను.

ఆ మధ్యాహ్నం లాబ్‌లో సూదులతో పురుగు తల పట్టి లాగితే గ్రంథులు బయటికొచ్చాయి. మైక్రోస్కోపులో వరసగా ఎర్రటి పట్టీలు. ఒకచోట మాత్రం పట్టీ వదులై, ఉబ్బి ఉంది. మాస్టారు చాలాసేపు చూసి, "ఇదేంటో చెప్పు" అన్నారు.

"అక్కడ క్రోమోజోము దారం, అదే క్రోమాటిన్, చుట్ట విప్పుకుందండీ. విప్పుకున్నచోట జీన్ పనిచేస్తోంది. బిగిసి ఉన్నచోట ఊరుకుంది."

"వాల్తేరు వెళ్ళు" అన్నారాయన.

ఆయన పంపితే చాలుతుందా? ఇంటికొచ్చి నాయనమ్మ పక్కన కూర్చున్నాను. "ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండేది ఒకటే దారం, నాయనమ్మా. కంటికి కావలసింది కాలిలోనూ ఉంటుంది. అక్కడ గట్టిగా చుట్టేసి ఉంటుంది, అంతే."

"చుట్టేస్తే పోదూ?"

"పోదు. ఉంటుంది. నోరెత్తదు."

ఆవిడ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "మా నాన్న నాకు శ్లోకాలూ లెక్కలూ నేర్పాడే. ఇప్పటికీ అన్నీ వచ్చు. పెళ్ళయ్యాక ఎవరూ అడగలేదు" అంది.

నాన్న గుడినుంచి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోలేదు. నాయనమ్మ లోపలినుంచే కేకేసింది.

"ఒరేయ్, దీన్ని వాల్తేరు పంపించు. నాతో ఆగింది చాలు."