కారం చెయ్యి

హనుమాయమ్మ ఎదురైతే ఊళ్లోవాళ్లు ముందు తుమ్మేవాళ్లు, తరువాత పలకరించేవాళ్లు.

చిలకలూరిపేటకు నాలుగు మైళ్ల దూరంలో ఆ ఊరు. అక్కడ మాలకొండయ్య గారి కళ్లంలో ఆమె ముప్పై ఏళ్లుగా ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. మాఘం నుంచి వైశాఖం దాకా పని. ఇంటికి వచ్చి చేతులకు ఆముదం రాసేది, మజ్జిగలో ముంచేది, చింతపండుతో తోమేది. గోళ్ల కింద కారం ఉండనే ఉండేది. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు మిరప కాలంలో వాణ్ణి అత్తగారే ఎత్తుకునేది. ఇప్పుడు వాడు పేటలో జిన్నింగు మిల్లులో పని చేస్తున్నాడు. అప్పుడు వాణ్ణి తను ఎత్తుకోలేకపోయిన సంగతి ఆమె ఎవరితోనూ అనేది కాదు.

పంతొమ్మిది వందల అరవై రెండు ఫాల్గుణంలో ఆమె భర్త యలమందయ్య బండిలో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. రెండు నెలలది. గోధుమరంగు ఒళ్లు. పొట్టి తోక, కొన కాస్త వంకర.

"తొడిమలా ఉంది," అంది హనుమాయమ్మ. పేరు అదే అయింది.

నెల తిరిగేసరికి తొడిమకు చిగుళ్ల దురద మొదలైంది. పాలపళ్లు కదులుతున్నాయి, కింద కొత్తవి తోసుకొస్తున్నాయి. మంచం నులక కొరికింది. చేట అంచు కొరికింది. ఒకనాడు యలమందయ్య పేటలో కుట్టించుకున్న కిర్రుచెప్పుల్లో ఎడమది నమిలేసింది.

అతను నమలగా మిగిలినదాన్ని కుడిదానితో పాటు తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూశాడు. "ఎడమదాని కిర్రు పోయిందే."

"పోనీలే. నువ్వు సగమే వస్తున్నావనుకుంటారు," అంది ఆమె.

వాడకట్టులో తొడిమ కొరకని మడమ లేదు. హనుమాయమ్మను మాత్రం కొరికేది కాదు. మొదట్లో ఒకసారి ఆమె వేలు నోట పెట్టుకుంది. వదిలింది. నాలుగు తుమ్ములు తుమ్మింది. కుడితి తొట్టిలో కడుపు ఉబ్బేదాకా తాగి బండి కిందికి పోయింది. ఆ తరువాత ఆమె చెయ్యి దగ్గరికి వస్తే మొహం తిప్పుకునేది.

పక్కింటి ప్రేమమ్మ కూడా కళ్లంలో తొడిమలు తీసేదే. కాని ఆమె చేరి రెండేళ్లే అయింది, చేతికి అంత ఘాటు పట్టలేదు. ఆమెకే ముందు తోచింది.

"పిన్నీ, నా చెప్పులు ఒకసారి నిమిరిపోవా. నీ చెయ్యి పడితే అది ముట్టుకోదు."

హనుమాయమ్మ నిమిరింది. అది ముట్టుకోలేదు. దాంతో వాడకట్టంతా పిలిచింది. చెప్పులు, మంచం కోళ్లు, పలుపుతాళ్లు. చివరికి మాలకొండయ్య గారే గొడుగు పట్టుకొచ్చారు.

"హనుమాయమ్మా, ఈ పిడి మీద నీ చెయ్యి ఒకసారి వెయ్యి."

"అక్షింతలు కూడా వెయ్యమంటారా అయ్యగారూ?"

అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. ఇంటికి వచ్చి చూస్తే తొడిమ యలమందయ్య ఒళ్లో పడుకుని అతని బొటనవేలు నములుతోంది.

"నొప్పిగా లేదా?"

"ఉంది. వెచ్చగా కూడా ఉంది."

ఆమె కాసేపు చూసింది. అది ఒక్కసారి తన చేతికి వస్తే చాలనుకుంది. పైకి మాత్రం, "వేలు తియ్యి. దానికి చల్లటిది కావాలి," అంది. కొడుక్కి పళ్లొచ్చేటప్పుడు అత్తగారు చేసింది గుర్తుంది. "పాత చీర చెంగు చించి ముడెయ్యి. తడిపి నీళ్లకుండ కింద ఇసకలో పెట్టు. నేను ముట్టుకోకూడదు."

అతను ముడి వేశాడు.

"ఎద్దును కట్టే ముడి వేశావేమయ్యా."

"నాకొచ్చింది అదొక్కటే."

సాయంత్రం ఆ చల్లటి ముడి ఇస్తే తొడిమ రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని నమిలింది. హనుమాయమ్మ గుమ్మం అవతల నిలబడి చెబుతూనే ఉంది. "అది లాగితే నువ్వు వదిలెయ్. పళ్లు కదులుతున్నాయి." రోజూ ఒక ముడి. వాడకట్టు చెప్పులు తెరిపిన పడ్డాయి. ఆమెను ఎవరూ పిలవడం లేదు.

వైశాఖం చివర ఆఖరి బస్తాలు గుంటూరు వెళ్లాయి. మరునాటి నుంచి ఆమె రోజూ చేతులు తోమి, వేలితో తన కంటి కొస తాకి చూసుకునేది. మండేది. వారం తరువాత కాస్త తక్కువ మండింది. తొలకరి పడిన రోజు మండలేదు.

అప్పుడైనా ఆమె చెయ్యి చాపలేదు. తనే ఒక ముడి వేసి, తడిపి, ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. తొడిమ దూరం నుంచి చూసింది. వచ్చింది. ముడిని వాసన చూసింది. చేతిని వాసన చూసింది. ముడిని వదిలేసి వేలు పట్టుకుని కొరికింది.

"అబ్బా," అంది హనుమాయమ్మ. వేలు తీసుకోలేదు.

చాలాసేపటికి అది వదిలింది. అరచేతిలో బియ్యపుగింజంత పన్ను మిగిలింది. ఆమె దాన్ని పేడముద్దలో పెట్టి, పిల్లల పన్నును విసిరినట్టే ఇంటికప్పు మీదికి విసిరింది. తరువాత ప్రేమమ్మ ఇంటికి వెళ్లి వేలు చూపించింది.

"కొరికింది."

"ఏదీ? ఏమీ కనబడదే పిన్నీ."

"సరిగా చూడవే."

ప్రేమమ్మ సరిగా చూసింది. చూసి, గుమ్మం ముందున్న తన చెప్పులు తీసి చూరులో దోపింది.