నిచ్చెన నోరు కట్టుకున్న రోజులు

అగ్నిమాపక కేంద్రంలో అతన్ని అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. మనిషి పొడుగు, పైగా ఇరవై నాలుగేళ్లుగా మంటల దగ్గర మొదట నిచ్చెనెక్కేది అతనే. రోజూ పొద్దున బృందం మారేటప్పుడు బండి చుట్టూ తిరిగి "డీజిలు? నీళ్లు?" అని కేకేసేదీ అతనే. అవతలివాళ్లు "నిండుగా!" అనాలి. ఎవడైనా "ముప్పావు" అన్నాడో, వాడి పని అయిపోయిందే! నింపేదాకా బండిని గేటు దాటనివ్వడు. ఆ కాసేపు వేళాకోళాలాడితే అసలు ఊరుకోడు.

ఇంత ఉండీ ఏం లాభం, నలభై ఎనిమిది దాటేసరికి నిచ్చెనకి బొజ్జొచ్చింది.

వాళ్లకి ఏటా ఒక పరీక్ష ఉంటుంది. ఇరవై కిలోల గొట్టం చుట్ట భుజాన వేసుకుని, కేంద్రం వెనకున్న ఆరంతస్తుల బురుజుని రెండున్నర నిమిషాల్లో ఎక్కాలి. ఈసారి నిచ్చెన ఇరవై సెకన్లు వెనకబడ్డాడు.

"నలభై రోజులాగి ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే ఫోన్ల గదికి మారాలయ్యా," అన్నారు పెద్దసారు, అతని మొహం చూడకుండా.

ఫోన్ల గది! తనవాళ్లు మంటల్లోకి పోతుంటే తను కుర్చీలో కూచుని అడ్రసులు రాసుకోవడం! ఆ రోజు ఇంటికెళ్లి బట్టలు కూడా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సంగతి తెలిసి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. అతనికి వ్యాయామశాల పక్కన పొడుల కొట్టుంది. నోరు తెరిస్తే ఆగడు. రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇది కండకి, ఇది కొవ్వు కరగడానికి. తిండి మానేసి పూటకి రెండు చెంచాలు కలుపుకుని తాగెయ్. నెల తిరిగేసరికి మళ్లీ పెళ్లికొడుకువే!"

"అలాగా? మరి ఉన్న పెళ్లాన్ని ఎక్కడ పెడతావురా తమ్ముడూ?" అంది నిచ్చెన భార్య.

నిచ్చెన నవ్వలేదు. మర్నాటినుంచి నోరు కట్టుకున్నాడు. అందులో ఒక చిక్కుంది. కేంద్రంలో అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఒకడు తినకపోతే పదిమంది అడుగుతారు. అందుకని కంచం పెట్టించుకునేవాడు. గంట మోగితే సగంలో లేచిపోయేవాడు, మోగకపోతే మాటల్లో పెట్టి పక్కవాడి కంచంలోకి తోసేసేవాడు. వంటక్క చూసింది గానీ, ఇంట్లో తినొస్తున్నాడేమోలే అనుకుని ఊరుకుంది.

ఏడు కిలోలు తగ్గాడు. బెల్టుకి రెండు కొత్త చిల్లులు పడ్డాయి. అబ్బో, ఏం సంబరం! గుండె దడదడలాడుతోందంటే, పొడి పనిచేస్తోందన్నాడు బావమరిది. చేతులు వణుకుతున్నాయంటే, అదీ అందుకేనన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

ముప్పయ్యో రోజు బురుజెక్కడం సాధన చేస్తుంటే, నాలుగో అంతస్తులో కళ్లు చీకట్లు కమ్మాయి. గొట్టం చుట్ట మెట్ల మీదుగా దొర్లిపోయింది. నిచ్చెన గోడవారన కూలబడ్డాడు. తోటివాళ్లు అతన్ని భుజాలకెత్తుకుని దించారు. ఎంతమందిని అలా దించిన మనిషో! స్పృహ వచ్చాక కూడా సిగ్గుతో కళ్లు తెరవలేదు.

"పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా," అంది డాక్టరమ్మ. "కండకని తెచ్చిన పొడి భోజనానికి బదులు కాదయ్యా. ఇక రెండోది ఊరికే గుండెని అదిలించి పరిగెత్తిస్తోంది, అది పారెయ్. కాళ్లు మెట్లెక్కేది నువ్వు తిన్నదాంతోనే."

వంటక్క మాత్రం అంత నెమ్మదిగా చెప్పలేదు.

"ముప్పావు ట్యాంకుతో బండిని గేటు దాటనివ్వవే! ఖాళీ కడుపుతో నువ్వెలా దాటావు తమ్ముడూ? అందులోనూ నా చేతి కంచం పక్కకి తోసి!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది.

"తింటే బరువు పెరుగుతానేమో అక్కా. పది రోజులే ఉన్నాయి."

"పెరిగితే పెరుగు. ముందు తిను."

అప్పట్నుంచి ఆవిడ ఎదురుగా కూచుని మరీ తినిపించింది. పొద్దున్నే రొట్టె, గుడ్లు. మధ్యాహ్నం కడుపునిండా భోజనం. మెట్లెక్కడానికి గంట ముందు అరటిపండు. వారానికల్లా చేతుల వణుకు పోయింది, ఒక కిలో వెనక్కొచ్చింది. నిచ్చెన భయపడ్డాడు గానీ కంచం మాత్రం తోసెయ్యలేదు.

నలభయ్యో రోజు నాలుగో అంతస్తు దాటుతుంటే కింద నిలబడ్డవాళ్లు ఊపిరి బిగబట్టారు. పైకొచ్చి గొట్టం దించేసరికి రెండు నిమిషాల ఇరవై ఏడు సెకన్లు. పెద్దసారు ఈసారి మొహం చూసే నవ్వారు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కేకలు మొదలయ్యాయి.

"డీజిలు?"

"నిండుగా!"

"నీళ్లు?"

"నిండుగా!"

అంతలో వంటగది కిటికీలోంచి ఇంకో కేక. "నిచ్చెన కడుపో?"

అందరూ బిక్కచచ్చిపోయారు. ఆ వేళప్పుడు వేళాకోళమాడితే ఊరుకోడని తెలుసుగా! నిచ్చెన బండి చక్రాన్ని ఒక్కసారి తట్టాడు. తల పైకెత్తి, కిటికీ దాకా వినపడేలా కేకేశాడు.

"నిండుగా, అక్కా!"