ఉట్టి కింద కుండలో తోడుకున్న పెరుగు

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. పొద్దు వాలాక చింతతోపు వైపు పోవద్దని ఊరంతా చెబితే, కట్టెలు బాగా దొరుకుతాయని నేను ఆ తోపుకే పోయేదాన్ని. ఇప్పుడు రాసేది దయ్యం కథ అని కూడా అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాకే. నేర్పింది నా కూతురు లావణ్య. తప్పులుంటే ఆ పిల్లే దిద్దుతుంది.

మాది పాకాల దగ్గర పల్లె. మా ఆయన లారీ డ్రైవరు. నేను సీజనులో మామిడి మండీకి పోయి కాయలు ఏరుతాను. లావణ్య తిరుపతిలో యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ చదివింది, మైక్రోబయాలజీ. కంటికి కనపడని జీవుల చదువు. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ పదో తరగతి దాటిన ఆడపిల్ల అంతకు ముందు లేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు చేయాలి. అది పూర్తయితేనే ఆనర్స్ పట్టా. లావణ్య మా అత్త మునెమ్మ పెరుగును ఎంచుకుంది. ఆ తోడు మా అత్త కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఉట్టి కింద పాత మట్టికుండలో రోజూ తోడేసేది. ఎవరైనా పెరుగు అడిగితే మజ్జిగ చిలికి, దండిగా ఉప్పు వేసి ఇచ్చేది. ఉప్పు మజ్జిగతో ఎవరూ తోడు వేసుకోరు కదా. అంత జాగ్రత్త.

మనవరాలు అడిగినప్పుడు మాత్రం ఎగతాళి చేసింది.

"నీ సదువుకు నా పెరుగు కావాల్నా? మీ సార్ల ఇండ్లల్లో పెరుగు లేదా యేమి?"

అన్నది గానీ, తనే గిన్నెకు ఎత్తి, మీద ఒక ఎండుమిరపకాయ వేసింది. "ఊరు దాటి పోతుండాది, దిష్టి తగలకూడదు" అని. ఇంట్లో పెరుగుకు ఆమె ఎప్పుడూ మిరపకాయ వేయలేదు. ఊరు దాటే పెరుగుకే వేసేది. అప్పటి నుంచి లావణ్య ఫోన్ చేసినప్పుడల్లా మా అత్తది ఒకటే ప్రశ్న: "పాపా, నా తోడు బతికుండాదా ఆడ?"

ఆ చలికాలంలోనే మా అత్త పోయింది. పెద్దకర్మ రోజు, ఇంట్లో పాతది ఉంచకూడదని మా ఆడబిడ్డలు వండినవీ నిలవ ఉన్నవీ అన్నీ పారబోశారు. పెరుగూ పోయింది. మట్టికుండను పగలగొట్టబోతే నేను వద్దని కడిగి, ఎండబెట్టి, ఉట్టి కిందే బోర్లించాను. తరువాత పక్కింటి సుబ్బక్క ఇచ్చిన తోడుతో స్టీలు గిన్నెలోనే పెరుగు పెట్టుకుంటూ వచ్చాను. మా అత్త పెరుగు ఇక మిగిలింది తిరుపతిలో, లావణ్య గాజు గొట్టాల్లోనే.

వేసవి వచ్చింది. మండీ పని మొదలైంది. ఆ రోజు పొద్దున పాలు కాచి, టీకి వాడగా మిగిలినవి స్టీలు గిన్నెలో మూతపెట్టి, తలుపుకు తాళం వేసి పోయాను. తాళంచెవి నా కొంగుముడిలోనే ఉంది. రెండోది మా ఆయన దగ్గర. ఆయన బెంగళూరు లోడుతో పోయి ఉన్నాడు.

ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చాను. పాలగిన్నె కడిగి బోర్లించి ఉంది. ఉట్టి కింద మట్టికుండ నిలబెట్టి ఉంది, పైన మూత. తీసి చూస్తే గట్టి పెరుగు. మీద ఒక ఎండుమిరపకాయ, తొడిమతో సహా.

భయం వేయలేదు. సుబ్బక్కను పిలిచి అడిగాను.

"తాళం వేసిన ఇంట్లోకి నేనెట్లా వస్తానే? ఎండదెబ్బ తగిలినట్టుండాది నీకు, కూర్సో" అనింది.

ఆమె అక్కడ ఉండగానే ఫోన్ మోగింది. లావణ్య. ఏడుస్తోంది.

"అమా, అవ్వ తోడు సచ్చిపోయింది మా. తోడు పెట్టిన కరెంటు పెట్టె వేడెక్కిపోయి అంతా ఉడికిపోయినాది. ఫ్రీజర్లో దాచిపెట్టింది కూడా లేయలే. ఇంక నా ప్రాజెక్టు అయిపోయినట్టే."

నా నోట్లో నుంచి వచ్చిన మాట నాకే విచిత్రంగా వినపడింది.

"ఏడవద్దు. ఈడ ఉండాది. పొద్దున బస్సుకు తెస్తా."

"యాడ ఉండాది? ఆ పొద్దే పారబోసినారు గదా!"

పొద్దున్నే కుండను ఒళ్లో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. లావణ్య మళ్లీ మొదటి నుంచి పని చేసింది. అది ఏ చక్కెర తింటుంది, ఎంత ఉప్పు ఓర్చుకుంటుంది, ఎంత వేడికి నిలుస్తుంది, అన్నీ చూసింది. ముందు రాసుకున్న వాటితో సరిపోయాయి. జన్యు పరీక్ష కూడా సరిపోయింది. వాళ్ల మేడం, పాత మట్టికుండ రంధ్రాల్లో తోడు దాగి ఉండొచ్చు అన్నారు. ఉండొచ్చు. మిరపకాయ తొడిమకు కూడా పాలు పేరుకుంటాయట, కానీ ఆ జీవులు వేరట. ఇవన్నీ ఒప్పుకుంటాను. పాలు పోసింది ఎవరో మాత్రం మేడం చెప్పలేదు.

ప్రాజెక్టు వినిపించే రోజు నన్ను కూడా వెనక వరసలో కూర్చోనిచ్చారు. లావణ్య తెల్లకోటు వేసుకుని, గొంతు వణక్కుండా ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గోడ మీద గాజు గొట్టం బొమ్మ వచ్చింది. దాని మీద చీటీ. చీటీలో ఉన్నది తెలుగు. కూడబలుక్కుని చదివాను: మునెమ్మ. వేలిముద్ర తప్ప సంతకం తెలియని మా అత్త పేరు యూనివర్సిటీ గోడ మీద వెలుగుతోంది. దాన్ని చదివింది నేను. నా వీపు దానంతట అదే నిటారయింది.

పరీక్షకు వచ్చిన పెద్దాయన, రెండోసారి పెరుగు తోడేసింది ఎవరని అడిగారు. లావణ్య నా వైపు చూసింది. నేను లేచి నిలబడి, "మా అత్త" అన్నాను. ఆయన తల ఊపి తరువాతి ప్రశ్నకు పోయారు.

లావణ్యకు ఆనర్స్ పట్టా వచ్చింది. ఆ కుండలో పాలు పోసిందెవరో, మా అమ్మాయి నాకు ఫోన్ చేయకముందే తిరుపతిలో తోడు పోయిన సంగతి ఎవరికి తెలిసిందో ఈరోజుకీ నాకు అంతుబట్టలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా తాళంచెవి నా కొంగుముడిలోనే ఉంది.

ఇప్పుడు ఇంట్లో మళ్లీ ఆ పెరుగే. సుబ్బక్క గిన్నె పట్టుకుని వస్తే, చిలికి, దండిగా ఉప్పు వేసే ఇస్తున్నాను.